మీకు తెలుసా? తేదీ తప్పిన వానకు ఎన్ని బస్తాలు?

కోతలు మొదలైతే రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం వైపు వెళ్ళేవాళ్ళకు సగం రోడ్డే దక్కుతుంది. మిగతా సగం ధాన్యానిది. బరకాలు పరిచి ఆరబోస్తారు, పూటకు రెండుసార్లు కాళ్ళతో తిరగేస్తారు. సముద్రం వైపు మబ్బు కమ్మిందంటే ఇంటిల్లిపాదీ పరుగున వచ్చి రాశి చేసి కప్పేస్తారు. వాతావరణ మార్పు మీద వార్త రాసినప్పుడల్లా పత్రికలు నెర్రెలు విచ్చిన నేల బొమ్మ వేస్తాయి. ఆ బొమ్మ మా గోదావరి డెల్టాకు కుదరదు. మాకు నీళ్ళున్నాయి. రాకూడని రోజున వస్తున్నాయి, వచ్చాక పోవలసినంత త్వరగా పోవడం లేదు. ఆ రెండింటికీ రైతు కట్టే ధర ఎంతో ఈసారి చూద్దాం.

కార్తె కదలలేదు, వాన కదిలింది

పండగల తేదీలు ఏటా మారతాయి, కార్తెల తేదీలు మారవు. ఎందుకో తెలుసా? తిథి చంద్రుణ్ణి బట్టి వస్తుంది, కార్తె సూర్యుణ్ణి బట్టి వస్తుంది. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే అది ఆ కార్తె. అందుకే మృగశిర ఏటా జూన్ మొదటి వారం దాటగానే వచ్చేస్తుంది. నక్షత్రాల లెక్క కూడా మెల్లగా జరుగుతుంది గాని, అది 72 ఏళ్ళకు ఒక్క రోజు మాత్రమే. మా తాతల నాటి కార్తెకూ ఇప్పటి కార్తెకూ తేడా ఒకటి రెండు రోజులకు మించదు. రోహిణిలో ఆకుమడి, ఆర్ద్రలో ఊడ్పు అంటూ పెద్దవాళ్ళు చెప్పిన లెక్క సూర్యుడి వైపు నుంచి చూస్తే ఇవాళ్టికీ సరైనదే.

పంట వైపు నుంచి చూద్దాం. డెల్టాలో దశాబ్దాల పాటు సార్వాకు, అంటే ఖరీఫ్‌కు, రాజ్యమేలిన రకం స్వర్ణ, అంటే ఎంటీయూ 7029. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైంది. ఇది దాదాపు 150 రోజుల పంట. జూన్ 20న విత్తనం చల్లితే కోత నవంబరు 17కు వస్తుంది. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా పుట్టేది అక్టోబరు, నవంబరు నెలల్లోనే. కోనసీమను నేలమట్టం చేసిన తుపాను 1996 నవంబరు 6 రాత్రి వచ్చింది. మొంథా తుపాను 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. జూన్ 1నే విత్తనం చల్లినా 150 రోజుల పంట చేతికొచ్చేది అక్టోబరు 29కి. ఒక్క రోజు తేడా!

ఈ లెక్క తెలిసే 2022లో కాలువలకు జూన్ 1నే నీళ్ళు వదిలారు, నవంబరు తుపానుకు ముందే పంట ఇంటికి చేరాలని. మంచి ఆలోచనే. ఆ ఏడాది గోదావరికి పెద్ద వరద మాత్రం ఆగస్టు దాకా ఆగలేదు, జూలై మధ్యలోనే వచ్చేసింది. జూలై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. వరద ముంచిన చోట్ల ముందుగా పోసిన ఆకుమళ్ళు ఆ నీటికిందే ఉండిపోయాయి. వెనక తుపాను, ముందు వరద, మధ్యలో సార్వా.

పది, పదమూడు, పదిహేడు

ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. నాలుగోది లేదు. 1986 ఆగస్టులో వచ్చింది 35 లక్షలకు పైగా. మూడో హెచ్చరికకు రెండింతలు.

ఆ నీళ్ళు మన ఆకాశంలోంచి పడినవి కావు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి మన దగ్గరకు వస్తుంది. దారిలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలుస్తాయి. విదర్భలో, బస్తరులో కుండపోత కురిస్తే మనకు ఎండ కాస్తూనే ఏరు పొంగుతుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో ఒక లెక్క ప్రచురించింది. 1950 నుంచి 2015 దాకా చూస్తే మధ్య భారతంలో చాలా జిల్లాలను ఒకేసారి ముంచే అతివృష్టి మూడింతలైందని తేలింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. మోసిన ఆవిరిని ఎక్కడో ఒకచోట దించాలి కదా. గోదావరి పరీవాహకంలో దించితే అది మనకే చేరుతుంది.

సప్త గోదావరుల్లో ఒకటి ఇప్పుడు మురుగు కాలువ

గోదావరి ఏడు పాయల పేర్లలో తుల్యభాగ ఒకటి. ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడి దగ్గర సప్తగోదావరి కోనేటికి ఆ పేరు వచ్చింది ఈ ఏడు పాయల వల్లే. పురాణంలో పుణ్యనది అయిన ఆ తుల్యభాగ ఇవాళ నీటిపారుదల శాఖ కాగితాల్లో ఒక మేజర్ డ్రెయిన్. తూర్పు డెల్టా చేలలోంచి దిగే నీటిని సముద్రం వైపు మోసుకుపోవడం దాని పని.

నా దృష్టిలో డెల్టా ఆర్థిక వ్యవస్థకు కాలువ ఎంతో మురుగు కోడు అంత. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ముగించిన ఆనకట్ట నీళ్ళు తెచ్చింది, ఇవాళ దాదాపు 10 లక్షల ఎకరాలకు ఆ నీరే ఆధారం. తెచ్చిన నీళ్ళు బయటికి వెళ్ళకపోతే మాత్రం పంట లేదు. కోడు పారాలంటే వాలు కావాలి. చేను ఎత్తున ఉండాలి, సముద్రం పల్లాన ఉండాలి. పాటు పోటుల్లో పోటు సమయంలో కోడు నోరు మూసుకుపోతుంది, పాటు వచ్చేదాకా నీరు చేలోనే నిలుస్తుంది. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది, ఈ మధ్య ఏటా మూడున్నర మిల్లీమీటర్లకు పైగా పెరుగుతోంది. మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. వాలు అసలే తక్కువున్న నేలలో అవే నీరు ఒకరోజు ఎక్కువ నిలవడానికి చాలు. దానికి గుర్రపుడెక్క, పూడిక, ఆక్రమణ తోడైతే ఒకరోజు నాలుగు రోజులవుతుంది.

2011 సార్వాకు కోనసీమ రైతులు విత్తనం చల్లకుండా పంట విరామం ప్రకటించిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. గిట్టుబాటు ధర, కూలి ఖర్చు, ముంపు అన్నీ కలిసి చేసిన పని అది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. 2022 జూన్‌లో కోనసీమలో మళ్ళీ అదే మాట వినిపించింది, అప్పుడూ డ్రెయిన్ల పూడిక ముఖ్యమైన ఫిర్యాదుల్లో ఉంది. నీళ్ళు పుష్కలంగా ఉన్న చోట రైతు తనంతట తాను చేను బీడు పెట్టుకోవడం కంటే పెద్ద ఆర్థిక సూచిక ఇంకేం కావాలి?

21 శాతమా, 45 శాతమా?

ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి. నేను అన్నిటికంటే ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇదే.

ఒక ఎకరం తీసుకుందాం. మామూలు ఏడాదిలో సార్వాకు 28 బస్తాలు పండుతుందనుకుందాం. బస్తా అంటే 75 కిలోలు. 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే బస్తాకు 1,777. ఎకరం మీద మొత్తం 49,756 రూపాయలు.

ఇప్పుడు స్వాతి కార్తెలో నాలుగు రోజులు వాన పట్టిందనుకుందాం. చేను పడిపోయింది. ఆరు బస్తాలు రాలిపోయి, మొలకెత్తి, పనికిరాకుండా పోయాయి. మిగిలిన 22 బస్తాలకు రంగు మారి ధర 200 తగ్గింది. బస్తాకు 1,577 చొప్పున చేతికొచ్చేది 34,694. దిగుబడి పోయింది 21 శాతం, రాబడి పోయింది 30 శాతం.

ఆ చేను కౌలుదైతే? కౌలు ఎకరాకు 12 బస్తాలని ముందే ఒప్పుకున్నారనుకుందాం. తుపాను వచ్చిందని కౌలు బస్తాలు తగ్గవు. మామూలు ఏడాది 28 లోంచి 12 పోతే కౌలు రైతుకు 16 బస్తాలు, అంటే 28,432 రూపాయలు. వాన పట్టిన ఏడాది 22 లోంచి 12 పోతే 10 బస్తాలు, 15,770. అతని వాటా దాదాపు 45 శాతం పోయింది. దమ్ము, ఊడ్పు, ఎరువు, మందు, కోత మిషను కిరాయి అన్నీ ఈ డబ్బులోంచే కట్టాలి. పైగా తడిసిన చేలో టైర్ల మిషను దిగబడుతుంది, బెల్టు మిషను పిలవాలి. దాని కిరాయి ఎక్కువ, పడిపోయిన చేను కోయడానికి పట్టే గంటలూ ఎక్కువ.

ఒకే వాన. చేను వైపు చూస్తే 21, రాబడి వైపు చూస్తే 30, కౌలు రైతు ఇంట్లో కూర్చుని చూస్తే 45. ఇక పరిహారం సంగతి. విపత్తు సహాయ నిధి నిబంధన ప్రకారం పంట నష్టం 33 శాతం, ఆ పైన ఉంటేనే పెట్టుబడి రాయితీ వస్తుంది. లెక్క కట్టేవాళ్ళు చూసేది దిగుబడిని. మన ఎకరంలో అది 21 శాతం. అంటే ఆదాయంలో దాదాపు సగం పోగొట్టుకున్న మనిషి ప్రభుత్వ లెక్కలో నష్టపోనట్టే. కళ్ళాల దగ్గర కూర్చుని ఈ లెక్క వేసుకున్నవాళ్ళకు ఇది కొత్త కాదు. జిల్లా మొత్తం మీద నష్టం ఎంత అని రాసేవాళ్ళకు మాత్రం ఇది ఎప్పుడూ కనపడదు.

కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సర్వే 2017-18లో ఒక అధ్యాయం మొత్తం వాతావరణ మార్పు, వ్యవసాయం మీదే ఉంది. వాతావరణ మార్పు వల్ల రైతు ఆదాయం సగటున 15 నుంచి 18 శాతం, నీటి వసతి లేని చోట 20 నుంచి 25 శాతం దాకా తగ్గవచ్చని అందులో రాశారు. నీటి వసతి ఉన్న చోట దెబ్బ తక్కువని దాని సారం. వేడిని, వర్షాభావాన్ని లెక్కలోకి తీసుకుంటే అది నిజమే. నీరే ముంచే చోట ఆ ధీమా చాలదు.

17

కొనుగోలు కేంద్రంలో తేమ కొలిచే యంత్రం మీద కనపడాల్సిన అంకె ఇది. ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. కోత మిషను నుంచి దిగిన పచ్చి ధాన్యంలో అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. అందుకే ఆ రోడ్డు, ఆ బరకాలు. నాలుగు రోజుల ఎండ ఖరీదు ఎంతో గోదావరి జిల్లాల రైతుకు బస్తాల్లో తెలుసు.

మార్టేరు నుంచి వెళ్ళి, ఒడిశా గుణంతో తిరిగొచ్చిన స్వర్ణ

ఇందులో ఒక సంతోషకరమైన కథ కూడా ఉంది. ఒడిశాలో ఎఫ్ఆర్ 13ఏ అనే పాత వరి రకం ఉండేది. దిగుబడి పెద్దగా లేదు గాని రెండు వారాలు నీటికింద మునిగి ఉన్నా చావదు. మామూలు వరి మునగగానే పైకి రావాలని ఆత్రంగా పొడుగు సాగి, ఉన్న బలమంతా ఖర్చు పెట్టుకుని, నీరు తీశాక పడిపోతుంది. ఎఫ్ఆర్ 13ఏ అలా చేయదు. ఎదుగుదల ఆపేసి, ఊపిరి బిగబట్టినట్టు ఉండి, నీరు పోయాక మళ్ళీ చిగురిస్తుంది. దానికి కారణమైన జన్యువును శాస్త్రవేత్తలు 2006లో గుర్తించి ప్రకటించారు. ఆ గుణాన్ని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దేనిలోకి ఎక్కించిందో తెలుసా? మన మార్టేరు స్వర్ణలోకి. స్వర్ణ సబ్-1 పేరుతో 2009లో భారతదేశంలో విడుదలైంది. ఇవాళ తూర్పు భారతంలో, బంగ్లాదేశ్‌లో ముంపు పొలాల రైతులు నాటుతున్న ఆ విత్తనానికి పుట్టిల్లు గోదావరి గట్టు.

అయితే ఈ గుణం కాపాడేది మొక్క ఎదిగే దశలో, అంటే జూలై, ఆగస్టు వరదల్లో. ఈనిన తర్వాత అక్టోబరులో పడిపోయిన చేనును అది లేపలేదు. అక్కడ పనికొచ్చేది ఇంకో గుణం, గింజకు నిద్రావస్థ. తడిసినా కొన్నాళ్ళు మొలకెత్తకుండా ఉండే రకాలైతే రైతుకు ఆ కొన్నాళ్ళు చేతికొస్తాయి. పంట కాలం తగ్గించడం మరో దారి. 150 రోజుల పంట బదులు 125 రోజులది వేస్తే ఆ 25 రోజులు తుపానుకు ముందు దక్కుతాయి.

రాత్రి వేడి

దాళ్వా, అంటే రబీ పంటకు నీరు ఎక్కడిదో చాలామందికి తెలియదు. వేసవి దగ్గరపడే కొద్దీ గోదావరిలో సహజ ప్రవాహం పడిపోతుంది. అప్పుడు సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీరే శబరి మీదుగా వచ్చి ధవళేశ్వరం చేరుతుంది. కరెంటు తీసి వదిలిన నీటితో రామచంద్రపురంలో గింజ పాలు పోసుకుంటుంది. అదీ చాలనప్పుడు వంతులవారీగా కాలువలు వదులుతారు.

నీరు సమకూరినా వేడి ఉంది. పూత వేళ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే వరికి గింజ కట్టడం దెబ్బతిని తాలు పెరుగుతుంది. పగటి ఎండ గురించి అందరూ మాట్లాడతారు, రాత్రి గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఫిలిప్పీన్స్ వరి సంస్థ తన సొంత పొలాల్లో 1992 నుంచి 2003 దాకా వేసవి పంటను గమనించి, 2004లో ఒక ఫలితం ప్రచురించింది. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం తగ్గింది. రాత్రంతా ఉక్కగా ఉంటే పగలు కూడబెట్టిన పిండిపదార్థాన్ని మొక్క ఊపిరికే ఖర్చు చేసుకుంటుంది.

మనుషుల సంగతీ అంతే. 2015 మే నెలలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడదెబ్బకు వెయ్యికి పైగా చనిపోయారు. వాళ్ళలో కూలిపనికి వెళ్ళినవాళ్ళు, ముసలివాళ్ళు ఎక్కువ. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019 నివేదికలో 2030కి వేడి వల్ల భారతదేశం తన పనిగంటల్లో 5.8 శాతం పోగొట్టుకుంటుందని అంచనా వేసింది. అది 3 కోట్ల 40 లక్షల పూర్తికాలపు ఉద్యోగాలతో సమానం. మా వైపు ఇది పొద్దున్నే కనపడుతుంది. వేసవిలో కూలీలు తెల్లవారకముందే చేలో దిగి పదకొండు గంటలకల్లా గట్టెక్కేస్తున్నారు. మిట్టమధ్యాహ్నం పోయిన గంటలకు కూలి ఎవరిస్తారు?

తుపానుకు ఇంగ్లీషు పేరు పెట్టిన మనిషి కోరంగి కథ చదివాడు

సైక్లోన్ అనే మాటను వాడుకలోకి తెచ్చింది హెన్రీ పిడింగ్టన్, కలకత్తాలో ఉన్న ఓడల మనిషి. 1848లో అచ్చయిన నావికుల పుస్తకంతో ఆ మాట ప్రపంచమంతా పాకింది. 1789 డిసెంబరులో కాకినాడ దగ్గరి మన కోరంగి మీద వరసగా మూడు కెరటాలు విరుచుకుపడి రేవును ముంచిన సంగతి ఆయన రాసిన వాటిలో ఉంది. 1839 నవంబరులో మళ్ళీ అలాంటి ఉప్పెనే వచ్చాక కోరంగి రేవు ఇక కోలుకోలేదు. ఒక రేవు చస్తే దానిమీద బతికే ఓడల మేస్త్రీలు, కళాసీలు, వర్తకులు ఎటో పోవాలి. బర్మాలో తెలుగువాళ్ళందరినీ ఒకప్పుడు కోరంగీలు అని పిలిచేవారంటే, రంగం (రంగూన్) వెళ్ళిన ఓడల్లో ఎంతమంది ఈ తీరం నుంచి ఎక్కారో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు ఆ కోరంగిలో మడ అడవి ఉంది. 1978లో 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంగా ప్రకటించారు. ఉప్పెన కెరటం బలం తగ్గించేది, చేపపిల్లకు, పీతకు నర్సరీగా పనిచేసేది అదే. దాన్ని నరికి చెరువు తవ్వితే ఒక ఏడాది రొయ్య లాభం లెక్కలోకి వస్తుంది, పోయిన గోడ ఖరీదు ఎవరి పద్దులోనూ పడదు.

ఆ తీరానికి ఇంకో లోటు కూడా ఉంది. 1970లలో గోదావరి ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు సముద్రానికి తెచ్చేది. 1990ల చివరికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది, పైన కట్టిన జలాశయాల్లో ఆగిపోవడం వల్ల. ఒండ్రుతో పుట్టిన నేలకు ఒండ్రు అందకపోతే సముద్రం కొరుక్కుతింటుంది. ఉప్పునీరు కోడుల్లోంచి ఎదురెక్కి వస్తుంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట తలలు ఎండిపోయి నిలబడ్డ కొబ్బరిచెట్లను చూసినవాళ్ళకు దీన్ని వేరే వివరించనక్కర్లేదు. వియత్నాంలో మెకాంగ్ డెల్టా రైతులు 2016లో, 2020లో ఇదే ఉప్పుతో వరి పోగొట్టుకున్నారు.

ఎవరి పొగ, ఎవరి బస్తా

భారతదేశంలో సగటు మనిషి ఏడాదికి వదిలే బొగ్గుపులుసు వాయువు దాదాపు 2 టన్నులు. అమెరికాలో దాదాపు 14. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరు 2019లో వేసిన అంచనా ప్రకారం 1961 నుంచి 2010 దాకా జరిగిన వేడెక్కడమే లేకపోతే భారతదేశ ఆర్థిక వ్యవస్థ ఉన్నదానికంటే చాలా పెద్దదిగా ఉండేది, ఈ వేడి వల్ల సుమారు 30 శాతం కోత పడిందని వాళ్ళ లెక్క. చల్లటి దేశాలు కొన్ని అదే వేడితో లాభపడ్డాయి కూడా. 2022 నవంబరులో ఈజిప్టులోని షర్మెల్ షేక్ సదస్సులో పేద దేశాల నష్టాలకు ప్రత్యేక నిధి పెట్టాలని ఒప్పుకున్నారు. ఆ నిధిలో చేరిన సొమ్ము అవసరం ముందు చాలా కొద్ది.

అది ఎప్పటికైనా ఇక్కడి దాకా వస్తే ఏ దారిన వస్తుంది? ఇప్పుడు రాయితీ, బీమా, ధాన్యం కొనుగోలు నడిచే దారినే. ఆ దారి మొదట్లో ఉన్నది ఈ-క్రాప్ నమోదు. అందులో సాగుదారుగా ఎవరి పేరుంటే డబ్బు వాళ్ళకు. కౌలు రైతు పేరు ఎక్కాలంటే పంట సాగుదారు హక్కు పత్రం కావాలి. 2019 చట్టం ప్రకారం దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని చాలామంది భయపడతారు. ఆ ఒప్పందం 11 నెలలకే, దానివల్ల యాజమాన్య హక్కుకు ఏ భంగమూ రాదని చట్టంలోనే రాసి ఉంది. ఇది చదువుతున్న మీరు కాకినాడలోనో హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉండి, ఇక్కడి ఎకరాలు కౌలుకిచ్చి ఉంటే, ఈ సార్వా నమోదు ముగిసేలోగా రైతు సేవా కేంద్రానికి ఫోను చేసి మీ చేను ఎవరి పేరున ఉందో ఒకసారి అడగండి.